నాన్నగారు పోయారు, తుపాకులు ఇంట్లోనే ఉన్నాయి: ముందు ఏం చేయాలి?

మీరు రాసింది నాలుగు ముక్కల్లో మళ్ళీ చెబుతాను, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకూ తెలుస్తుంది. నాన్నగారు కాలం చేసి ఐదు నెలలైంది. ఊళ్ళో ఇంటి బీరువాలో ఆయన లైసెన్స్ మీద ఉన్న 12 బోర్ డబల్ బ్యారెల్ (రెండు గొట్టాల తుపాకీ), .32 రివాల్వర్, ఒక డబ్బా నిండా తూటాలు ఉన్నాయి. ముందు గదిలో గోడకి తాతగారి కాలం నాటి నాటు తుపాకీ ఒకటి వేలాడుతోంది, అది లైసెన్స్‌లో ఎక్కడా లేదు. మీరు బెంగళూరులో ఉద్యోగం, అమ్మగారు ఊళ్ళో ఒక్కరే. బాబాయిగారికి సొంత లైసెన్స్ ఉంది, ‘మా ఇంట్లో పెట్టు, తర్వాత చూద్దాం’ అంటున్నారు. స్టేషన్‌కి వెళితే ఇన్నాళ్ళు ఎందుకు ఉంచుకున్నావని కేసు పెడతారేమోనని మీకు టెన్షన్. రెండూ మీ పేరు మీదికి మార్చుకోవచ్చా, మార్చుకుంటే ఆ తర్వాత ఏమేం పాటించాలి అన్నది మీ ప్రశ్న.

నేను ముప్పై ఏళ్ళకు పైగా లైసెన్స్ ఉన్న ఆయుధాల దుకాణం నడుపుతున్నాను. మీలాంటి కొడుకులు, కూతుళ్ళు ఏడాదికి ఒకరిద్దరైనా మా కౌంటర్ ముందు ఇదే ముఖంతో నిలబడతారు. నేను లాయర్ని కాను, ఒక్క చోట మాత్రం లాయర్ని కలవమని కింద చెప్పాను, అక్కడ తప్పకుండా కలవండి.

అన్నిటికన్నా ముందు తెలియాల్సింది ఇది. లైసెన్స్ తుపాకీకి ఇచ్చింది కాదు, మనిషికి ఇచ్చింది. ఆ మనిషి పోతే లైసెన్స్ కూడా ఆయనతోనే పోతుంది. పొలం, ఇల్లు వారసులకు వచ్చినట్టు తుపాకీ మీద హక్కు మీకు రావచ్చు. దాన్ని దగ్గర ఉంచుకునే అనుమతి మాత్రం రాదు. లైసెన్స్ బుక్కులో గడువు ఇంకా రెండేళ్ళు ఉన్నా సరే, అది ఆయన గడువే. చాలామంది ఆ తేదీ చూసి ‘ఇంకా టైమ్ ఉంది కదా’ అనుకుని ఆగిపోతారు.

ఆయుధాల చట్టం 1959 లోని సెక్షన్ 21 ఇలాంటి పరిస్థితి కోసమే ఉంది. ఏ కారణం వల్లనైనా ఆయుధం దగ్గర ఉంచుకోవడం చట్టబద్ధం కాకుండా పోతే, అనవసరమైన ఆలస్యం లేకుండా దగ్గరలోని పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేయాలి. ఇన్ని రోజులు అని అంకె వేయలేదు, ‘అనవసరమైన ఆలస్యం’ అన్నారు. కర్మకాండలు, డెత్ సర్టిఫికెట్, మీరు దూరాన ఉండటం, ఇవన్నీ చెప్పుకోదగ్గ కారణాలే. కానీ రోజు గడిచే కొద్దీ ఆ కారణాల బలం తగ్గుతుంది. ఐదు నెలల దగ్గర మీరు ఇంకా చెప్పుకోగలిగిన చోటే ఉన్నారు. అందుకే ఈ వారమే పని మొదలుపెట్టమంటున్నాను.

భయం గురించి కూడా ఉన్నది ఉన్నట్టు చెబుతాను. లైసెన్స్ లేకుండా తుపాకీ గానీ తూటాలు గానీ ఉంచుకుంటే 2019 సవరణ తర్వాత కనీసం రెండేళ్ళు, గరిష్ఠంగా ఐదేళ్ళు జైలు, దానికి తోడు జరిమానా. చిన్న విషయం కాదు. అయితే లైసెన్స్ తప్పనిసరి అని చెప్పే సెక్షన్ 3 ఉల్లంఘన మీద ప్రాసిక్యూషన్ నడపాలంటే జిల్లా మెజిస్ట్రేట్ ముందస్తు అనుమతి ఉండాలని అదే చట్టంలో సెక్షన్ 39 చెబుతోంది. తనంతట తానే కాగితాలతో వచ్చి అప్పగించిన వారసుడి మీద ఆ అనుమతి దాకా ఫైలు వెళ్ళడం నా అనుభవంలో ఒక్కసారి కూడా చూడలేదు. నేను చూసిన కేసులన్నీ ఇంట్లో ఉంచుకుని కూర్చున్నవాళ్ళ మీదే. మా దగ్గర తూటాలు కొనే ఒక రైతు పోయాక, ఆయన కొడుకు సింగిల్ బ్యారెల్‌ని నాలుగేళ్ళు మంచం కింద ఉంచాడు. గట్టు తగాదాలో పక్క పొలం వాళ్ళు ఫిర్యాదు చేశారు, సోదాలో తుపాకీ దొరికింది. ఆ అబ్బాయి దాన్ని ఒక్కసారి కూడా పేల్చలేదు. అయినా వాయిదాలకు తిరుగుతూనే ఉన్నాడు.

ఇప్పుడు అప్పగించే పద్ధతి. తుపాకీ భుజాన వేసుకుని నేరుగా స్టేషన్‌కి బయల్దేరకండి. మీకు లైసెన్స్ లేదు, దారిలో ఎవరైనా ఆపితే చూపించడానికి ఏమీ ఉండదు. మొదట ఉత్త చేతులతో వెళ్ళండి. నాన్నగారి లైసెన్స్ బుక్కు, డెత్ సర్టిఫికెట్, మీ ఆధార్, ఒక ఉత్తరం తీసుకెళ్ళండి. ఉత్తరంలో ఆయన ఎప్పుడు పోయారు, ఏమేం ఆయుధాలు ఉన్నాయి, వాటి నంబర్లేంటి, తూటాలు ఎన్ని, ఇప్పటిదాకా ఎందుకు ఆలస్యమైంది, సెక్షన్ 21 కింద డిపాజిట్ చేయదలిచాను అని సూటిగా రాయండి. రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకదాని మీద స్టేషన్ ముద్ర, తేదీ వేయించుకోండి. తర్వాత కానిస్టేబుల్‌ని ఇంటికి పంపమని అడగండి, లేదా ఫలానా రోజు ఫలానా టైమ్‌కి తెమ్మని వాళ్ళ చేతే చెప్పించుకోండి. ఇదే ఉత్తరం కాపీ లైసెన్స్ ఇచ్చిన కార్యాలయానికి స్పీడ్ పోస్ట్‌లో వెయ్యండి. జిల్లాల్లో అయితే కలెక్టరేట్, కమిషనరేట్ ఉన్న నగరాల్లో అయితే పోలీస్ కమిషనర్ కార్యాలయం.

బాబాయిగారి అవసరం ఇక్కడ ఉంది. మీకు ఆయుధం పట్టుకోవడం అలవాటు లేదు. డబల్ బ్యారెల్‌లో తూటాలు ఉన్నాయో లేదో చూడాలంటే మీట తిప్పి విరవాలి, రివాల్వర్‌కి చక్రం బయటకు తీసి చూడాలి. ఏళ్ళ తరబడి బీరువాలో ఉన్నదాంట్లో తూటా ఉండదని ఎవరూ హామీ ఇవ్వలేరు. తెలిసిన మనిషిగా ఆయన్ని పిలిచి, కానిస్టేబుల్ ఉండగానే ఖాళీ చేయించండి. తుపాకులు వేరుగా, తూటాలు వేరుగా కట్టండి.

ఆయన ఇంట్లో పెట్టడం మాత్రం వద్దు. ఆయన మంచి మనసుతోనే అన్నారు, అందులో సందేహం లేదు. కానీ ఆయన లైసెన్స్‌లో ఏ తుపాకీ నంబర్ రాసి ఉందో ఆ తుపాకీకే అది వర్తిస్తుంది. మీ నాన్నగారి డబల్ బ్యారెల్ ఆయన ఇంట్లో దొరికితే అది లైసెన్స్ లేని ఆయుధమే. అర్హత లేని మనిషికి ఆయుధం అప్పగించడం సెక్షన్ 29 కింద ఇచ్చినవాడి మీద కూడా నేరం. అంటే మీ సమస్య తీరదు, ఆయన సమస్య కొత్తగా మొదలవుతుంది, ఇన్నేళ్ళుగా కాపాడుకున్న ఆయన సొంత లైసెన్స్‌కి కూడా ఎసరు వస్తుంది.

రసీదు దగ్గర మాత్రం ఎంత మొహమాటం ఉన్నా పక్కన పెట్టండి. నా సొంత తుపాకీ విషయంలో నేను చేసిన పొరపాటు చెబుతాను. ఒక ఎన్నికల సమయంలో నా డబల్ బ్యారెల్ స్టేషన్‌లో డిపాజిట్ చేశాను. రైటర్ (స్టేషన్‌లో రాతపని చూసే కానిస్టేబుల్) హడావుడిలో ఉన్నాడు, రసీదు రాసిచ్చాడు, నేను మడిచి జేబులో పెట్టుకున్నాను. తిరిగి తీసుకోవడానికి వెళితే రసీదులో నంబర్ చివరి అంకె 1, లైసెన్స్‌లో 7. ఈ తుపాకీ నీదేనని ఎలా నమ్మాలి అన్నారు. వాళ్ళ మాట తప్పు కాదు. దరఖాస్తులు, వివరణలు, పాత రికార్డు తీయించడం, మొత్తం ఎనిమిది నెలలు పట్టింది. ఈలోగా తేమకి బ్యారెల్ లోపల తుప్పు గుంటలు పడ్డాయి.

అందుకని మీరు ఇలా చేయండి. డబల్ బ్యారెల్‌కి నంబర్ పైకి కనబడేలా ఉండకపోవచ్చు. ముందు చెక్క ఊడదీసి, బ్యారెల్ జంటని విడదీస్తే అడుగున చదునుగా ఉన్న చోట చెక్కి ఉంటుంది. రివాల్వర్‌కి ఫ్రేమ్ మీద ఉంటుంది. టార్చి వేసి, నూనె గుడ్డతో తుడిచి, లైసెన్స్‌లోని అంకెలతో ఒక్కొక్కటిగా సరిచూడండి. ఫోన్‌తో ఫొటో తీయండి. రసీదులో ఆయుధం రకం, తయారీ, బోర్, నంబర్, ప్రస్తుత స్థితి, తూటాలు ఏ రకం ఎన్ని, జనరల్ డైరీ (స్టేషన్ రోజువారీ రిజిస్టర్) ఎంట్రీ నంబర్, తేదీ, సంతకం, ముద్ర ఉండాలి. తూటాలు ‘ఒక డబ్బా’ అని రాస్తే ఒప్పుకోకండి. టేబుల్ మీద పోసి లెక్కపెట్టించండి.

స్టేషనా, డీలరా అని అడిగితే, డబ్బు ఖర్చు లేకుండా అయిపోవాలంటే స్టేషన్. తుపాకీ పాడు కాకుండా ఉండాలంటే భద్రపరిచే అధికారం తన లైసెన్స్‌లో ఉన్న డీలర్. డీలర్ నెలకింత అని తీసుకుంటాడు, మధ్యలో నూనె రాసి తుడుస్తాడు. నేను డీలర్ని కాబట్టి ఈ మాట చెబుతున్నానని అనుకోకండి. వర్షాకాలం దాటి స్టోర్ రూమ్ నుంచి బయటికి వచ్చిన తుపాకులు చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. డీలర్ దగ్గర పెట్టినా ఆ సంగతి స్టేషన్‌కి, లైసెన్స్ ఆఫీసుకి రాతపూర్వకంగా తెలియజేయండి.

గోడ మీది నాటు తుపాకీ వేరే కథ. లాయర్ని కలవమన్నది దీని కోసమే. చట్టంలో సెక్షన్ 45 ప్రకారం, కాలం చెల్లిన నమూనా అయినా, పురాతన విలువ ఉన్నదైనా, పాడైపోయినదైనా, మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకీగా వాడటానికి పనికిరానిది అయితే దానికి లైసెన్స్ అక్కర్లేదు. ‘మరమ్మతు చేసినా’ అన్న మాట గమనించండి. మీ తాతగారి తుపాకీకి చిన్న స్ప్రింగ్ వేస్తే మళ్ళీ పేలుతుందంటే ఆ మినహాయింపు రాదు. పాతది కదా, అలంకారం కదా అని మనకి మనం తీర్పు చెప్పుకోకూడదు. పైగా దీనికి నాన్నగారి కాలంలో కూడా కాగితం లేదు. కాబట్టి డిపాజిట్ ఉత్తరంలో దీన్ని ఎలా రాయాలో ముందు ఒక క్రిమినల్ లాయర్‌తో గంట కూర్చుని మాట్లాడండి. రాయకుండా దాచేయమని మాత్రం ఎవరు సలహా ఇచ్చినా వినకండి. బావిలో పారేయడం, చెరువులో పడేయడం, పాత ఇనుము వాడికి ఇవ్వడం వంటివి అసలు వద్దు.

ఇక మీ పేరు మీదికి మార్చుకోవడం. దీనికి 2016 ఆయుధాల నియమాల్లో 25వ నియమం ఉంది. లైసెన్స్‌దారు చనిపోతే వారసుల్లో ఒకరికి లైసెన్స్ ఇవ్వవచ్చు. ఆయన బ్రతికుండగానే 70 ఏళ్ళు నిండినా, లేక ఆ ఆయుధం 25 ఏళ్ళు తన దగ్గర ఉన్నా, ఈ రెంటిలో ఏది ముందయితే అప్పుడు, తను ఎంచుకున్న వారసుడి పేర ఇప్పించవచ్చు. మీ విషయంలో ఆ అవకాశం దాటిపోయింది. కానీ ఇది చదివే ఇంకెవరికైనా ఇంట్లో పెద్దవాళ్ళ లైసెన్స్ ఉంటే దయచేసి ఈ దారి వాడుకోండి. ఆయన పక్కన కూర్చుని సంతకం పెట్టగలిగినప్పుడు అయ్యే పనికీ, పోయాక వారసులందరి కాగితాలు కూడగట్టే పనికీ పోలిక లేదు.

మీకు కావాల్సినవి డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, అమ్మగారు, తోబుట్టువులు ఉంటే వాళ్ళు తమకు అభ్యంతరం లేదని ఇచ్చే పత్రం, డిపాజిట్ రసీదు. వారసుడైనంత మాత్రాన మిగతా పరీక్షలు తప్పవు. పోలీస్ విచారణ, శారీరక, మానసిక ఆరోగ్యానికి డాక్టర్ సర్టిఫికెట్, ఆయుధం వాడకంలో శిక్షణ సర్టిఫికెట్, భద్రంగా దాచుకునే ఏర్పాటు, అన్నీ కొత్తవారికి అడిగినట్టే అడుగుతారు. వయసు 21 నిండాలి.

ఒక మనిషికి ఎన్ని ఆయుధాలు అన్న విషయంలో పాత సమాచారం ఇంకా తిరుగుతోంది. మూడు ఆయుధాలు, మూడేళ్ళ లైసెన్స్ అన్నది 2019 డిసెంబర్ 14కి ముందు మాట. ఇప్పుడు రెండే, వారసత్వంగా వచ్చినా రెండు దాటకూడదు. లైసెన్స్ ఐదేళ్ళు. కాబట్టి డబల్ బ్యారెల్, రివాల్వర్ రెండూ మీ పేరున అడగడానికి చట్టం అడ్డురాదు. నాటు తుపాకీకి లైసెన్స్ కావాలని తేలితే అది మూడోది అవుతుంది, ఒకటి వదులుకోవాల్సిందే.

కానీ అడగవచ్చా అన్నది ఒక ప్రశ్న, అడగాలా అన్నది మరొకటి. మీరు బెంగళూరులో ఉంటారు. లైసెన్స్ మీరు నిజంగా నివసించే చోటి అధికారి దగ్గర అడగాలి, విచారణ కూడా అక్కడే జరుగుతుంది. ఆధార్‌లో ఊరి అడ్రస్ ఉంది కదా అని అక్కడ పెట్టి, తుపాకీ ఊళ్ళో, మీరు బెంగళూరులో ఉంటే, బీరువా తాళం ఎవరి చేతిలో ఉన్నట్టు? అమ్మగారి చేతిలో. దగ్గర ఉండటమంటే చేతిలో పట్టుకోవడమే కాదని, తెలిసి ఉండి అదుపులో ఉంచుకోవడం కూడా దానికిందికే వస్తుందని సుప్రీంకోర్టు 1972లోనే గుణవంత్‌లాల్ కేసులో చెప్పింది. సెక్షన్ 35 ప్రకారం, నలుగురు కలిసి ఉండే ఇంట్లో చట్టవిరుద్ధంగా ఆయుధం దొరికితే, అది అక్కడ ఉందని తెలిసిన ప్రతి ఒక్కరూ బాధ్యులే. ఈ ఐదు నెలలూ అమ్మగారు ఆ స్థితిలోనే ఉన్నారు. భర్తని పోగొట్టుకున్న మనిషిని ఇంకా అక్కడే ఉంచకూడదు.

నన్ను అడిగితే, నాన్నగారి గుర్తుగా డబల్ బ్యారెల్ ఒక్కటి బెంగళూరు అడ్రస్ మీద అడగండి. రివాల్వర్‌ని డిపాజిట్‌లో ఉండగానే అధికారుల అనుమతితో, డీలర్ ద్వారా లైసెన్స్ ఉన్న మరొకరికి అమ్మేయండి. డిపాజిట్ చేసినవారు గానీ, వాళ్ళు పోతే వారి వారసుడు గానీ గడువులోపు దాన్ని తిరిగి తీసుకోవడమో అమ్మడమో చేయవచ్చని సెక్షన్ 21 చెబుతోంది. గడువు దాటితే ప్రభుత్వపరం అవుతుంది, రసీదు తీసుకున్నాం కదా అని మర్చిపోకండి. రెండూ వద్దనుకుంటే రెండూ అమ్మేయవచ్చు, లేదా సరెండర్ చేయవచ్చు. అందులో నాన్నగారికి చేసిన అన్యాయం ఏమీ లేదు.

లైసెన్స్ వచ్చాక పాటించాల్సినవి చాలానే ఉన్నాయి. జనం ఎక్కువగా తడబడే చోట్లే చెబుతాను.

బుక్కు చేతికి రాగానే నంబర్, బోర్, మీ పేరు స్పెల్లింగ్, యుఐఎన్ (ప్రత్యేక గుర్తింపు సంఖ్య), ఏరియా వాలిడిటీ (లైసెన్స్ ఏ ప్రాంతంలో చెల్లుతుందో), తూటాల పరిమితి చూసుకోండి. యుఐఎన్ లేకపోతే ఆ లైసెన్స్ చెల్లదు. ఏరియా దగ్గర రాష్ట్రం పేరు ఒక్కటే ఉంటే సరిహద్దు దాటి తీసుకెళ్ళడానికి వీల్లేదు. బెంగళూరు నుంచి మీ ఊరికి రావడమంటే సరిహద్దు దాటడమే, ఈ సంగతి దరఖాస్తులోనే ఆలోచించి అడగండి. తూటాలకు రెండు అంకెలు ఉంటాయి, ఒక సమయంలో ఎన్ని ఉండొచ్చు, ఏడాదిలో ఎన్ని కొనొచ్చు అని. ఒక చిన్న నోటు పుస్తకం పెట్టి కొన్నవి, పేల్చినవి, మిగిలినవి రాసుకోండి. వాడిన ఖాళీ తూటాలు పారేయకండి, చాలా చోట్ల కొత్తవి ఇచ్చేముందు అవి చూపమంటారు.

ఇల్లు మారితే, లేదా 30 రోజులకు మించి వేరే చోట ఉంటూ ఆయుధం వెంట తీసుకెళితే, 30 రోజుల్లోపు కొత్త చోటి అధికారికి, లైసెన్స్ ఇచ్చిన అధికారికి తెలపాలి. బెంగళూరులో అద్దె ఇళ్ళు మారుతూ ఉండేవాళ్ళు ఎక్కువగా మర్చిపోయేది ఇదే. లైసెన్స్ షరతు తప్పితే సెక్షన్ 30 కింద ఆరు నెలల వరకు జైలు, రెండు వేల వరకు జరిమానా, లేదా రెండూ. శిక్ష చిన్నదిగా కనిపిస్తుంది, కానీ రెన్యువల్ నాడు ఆ మచ్చ పెద్దదై కూర్చుంటుంది.

రెన్యువల్‌కి నేను మూడు నెలల ముందే కదులుతాను. గడువు తేదీ దాటిన మర్నాడు మీరు మళ్ళీ ఇప్పుడున్న చోటికే వస్తారు. దరఖాస్తు పెట్టాం కదా, ఆఫీసులో ఆలస్యమైతే నాదా తప్పు అనే వాదనని నమ్ముకోకండి. తేదీ దగ్గర పడుతున్నా బుక్కు రాకపోతే ఆయుధం డిపాజిట్ చేసి రసీదు తీసుకోండి.

మరమ్మతుకి డ్రైవర్‌తో పంపిస్తుంటారు చాలామంది. సెక్షన్ 3 దీనికి దారి ఇచ్చింది. మరమ్మతు కోసమో, లైసెన్స్ రెన్యువల్ కోసమో, మీరు వాడుకోవడం కోసమో వేరొకరు ఆయుధం మోయవచ్చు, కానీ మీరు పక్కన ఉండాలి, లేదా మీ రాతపూర్వక అనుమతి అతని దగ్గర ఉండాలి. ఫోన్‌లో చెప్పాను అంటే సరిపోదు. బ్యారెల్ పొడవుగా ఉంది, కొంచెం కోయిస్తే జీపులో పడుతుంది అని మా దగ్గరికి వచ్చేవాళ్ళూ ఉన్నారు. బ్యారెల్ పొట్టి చేయడం సెక్షన్ 6 కింద నిషేధం. డబల్ బ్యారెల్ లాంటి నున్నటి బ్యారెల్ తుపాకీకి 20 అంగుళాల హద్దు ఉంది, అంతకంటే తగ్గితే దాని కేటగిరీయే మారిపోతుంది.

పెళ్ళిళ్ళలో, ఊరేగింపుల్లో గాల్లోకి కాల్చడం 2019 సవరణతో విడిగా నేరమైంది, రెండేళ్ళ వరకు జైలు లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. బంధువులు బలవంతం పెడతారు. ఆ రోజు ఆయుధం పెళ్ళికి తీసుకెళ్ళకపోవడమే మేలు.

మీ ఊరు అడవికి దగ్గర అన్నారు. అభయారణ్యం లోపల గానీ, దానికి పది కిలోమీటర్ల లోపు గానీ ఉండే లైసెన్స్‌దారులు వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 సెక్షన్ 34 కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ దగ్గర కూడా నమోదు చేసుకోవాలి. ఈ నిబంధన ఉందని తెలిసినవాళ్ళు నాకు తగిలింది చాలా తక్కువమంది. పంటని అడవిపంది తొక్కేస్తోందని మీ లైసెన్స్ తుపాకీతో కాల్చకండి. అటవీ శాఖ నుంచి విడిగా అనుమతి ఉండాలి. ఆయుధాల లైసెన్స్ వేట లైసెన్స్ కాదు.

ఎన్నికల షెడ్యూల్ రాగానే స్టేషన్ నుంచి ఫోన్ వస్తుంది. ఎవరెవరి ఆయుధాలు డిపాజిట్ చేయించాలో చూడటానికి స్క్రీనింగ్ కమిటీ ఉంటుంది. నిజమైన ప్రాణభయం ఉన్నవాళ్ళు, కాపలా కోసం ఆయుధం కావాల్సినవాళ్ళు మినహాయింపు అడగవచ్చు. మీకు అలాంటి అవసరం లేకపోతే ఇచ్చేయండి, కానీ రసీదు విషయంలో నాకు జరిగింది గుర్తుంచుకోండి. పోతే, దొంగిలిస్తే, ఆ గంటలోనే స్టేషన్‌లో రాతపూర్వకంగా చెప్పండి. ఇంట్లో దొరుకుతుందేమోనని రెండు రోజులు వెతికి వెళ్ళినవాళ్ళకి ఆ రెండు రోజుల మీదే అన్ని ప్రశ్నలూ వస్తాయి.

ఇంకొక్క సంగతి. నాన్నగారి తోలు బ్యాగు వాడుకోవడానికి తీసుకెళుతున్నానని, శుక్రవారం హైదరాబాద్ నుంచి ఫ్లైట్ అని మీరు చివర్లో మామూలుగా రాసేశారు. నన్ను కంగారు పెట్టింది ఆ మాటే. తుపాకీ ఉన్న మనిషి బ్యాగులో, కోటు జేబులో, కారు డాష్‌బోర్డులో ఎక్కడో ఒక తూటా జారి ఉండిపోవడం మామూలే. ఎయిర్‌పోర్టు ఎక్స్‌రేలో అది కనబడితే మీ లగేజీ అక్కడే ఆగిపోతుంది, లైసెన్స్ లేని ఆయుధాలు, తూటాలకు శిక్ష చెప్పే సెక్షన్ 25 కింద ఎఫ్‌ఐఆర్ అవుతుంది. తెలియకుండా ఉండిపోయిన ఒక్క తూటా కేసుల్ని హైకోర్టులు చాలాసార్లు కొట్టేశాయి. కానీ కొట్టేసేదాకా లాయరు, వాయిదాలు, పాస్‌పోర్టు దగ్గర ప్రశ్నలు మీవే. కాబట్టి ఆ బ్యాగుని ఇవాళ రాత్రే దుప్పటి మీద బోర్లించండి. పక్క జేబులు, జిప్ వెనక జేబులు, చిరిగిన లైనింగ్ లోపల వేళ్ళు పెట్టి తడిమి చూడండి. ఏదైనా దొరికితే దాన్ని కూడా ఆ డబ్బాలో వేసి, ఉత్తరంలో తూటాల లెక్క సరిచేసి రాయండి.